వనాలే ఎక్కుడులో రెండో గేరు

రెండో గేరు నిలబడటం లేదంటూ మా ఆయన వంబెడె బుధవారం పొద్దున బండిని పెరట్లోకి తోసుకొచ్చాడు. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. వనాలే కొండ మీదినుంచి ఇంజను ఆపేసి దొర్లుకుంటూ దిగాడు, చదును తగిలాక తోశాడు. కొండ మీద కకాయి ఉంటుంది. కకాయి నా సవతి. వారంలో మూడు రాత్రులు అక్కడ, నాలుగు ఇక్కడ. ఈ మాట నేను దాచినా మా ఎంబాలే టౌనులో ఎవడో ఒకడు చెబుతాడు. అందుకే ముందే చెప్పేశాను.

"క్లచ్ పోయినట్టుందే నగూడీ," అన్నాడు.

"క్లచ్ పోతే ఇంజను అరుస్తుంది, గేరు గేరులోనే ఉంటుంది. ఏం జరిగిందో చెప్పు. ఏం పోయిందో నేను చెబుతాను."

"రెండులో ఎక్కుతుంటే ఠక్కుమని న్యూట్రల్లో పడుతోంది. నొక్కితే మళ్ళీ రెండులోకి వస్తుంది. గజం పోగానే మళ్ళీ ఠక్కు."

"ఒకటి?"

"బానే ఉంది."

"మూడు?"

"మూడులో ఆ కొండ ఎవడెక్కుతాడే!"

బండి నడిపేది ఆయన, బాగుచేసేది నేను. పదకొండేళ్ళుగా ఇదే ఏర్పాటు. నాకెవరూ నేర్పలేదు. పెళ్ళయిన కొత్తలో గరాజువాడు చైను సరిగా బిగించలేదు. అది తెగి ఆయన కాలు విరిగింది. ఆయన మంచం మీద ఉండగా నేను పానా పట్టి బండి మొత్తం ఊడదీశాను. మొదటిసారి బిగించాక రెండు వాషర్లు మిగిలాయి. రెండోసారి ఒకటి మిగిలింది. మూడోసారి ఏమీ మిగల్లేదు, బండి కదిలింది. ఇప్పుడు మా స్టేజిలో, అదే స్టాండులో, కిరాయికి బోడా బండ్లు నడిపేవాళ్ళలో సగంమంది చీకటి పడకముందు దొడ్డిదారిన నా దగ్గరకొచ్చి బాగుచేయించుకుపోతారు. పగలు ఎదురుపడితే మాత్రం పలకరు.

ఆ స్టేజిలో నలభైమంది. ఒక్క ఆడది లేదు. రెండేళ్ళు వాళ్ళ ఆదివారం మీటింగులకి పిలవకుండా పోయి కూర్చున్నాను. ఆడవాళ్ళకీ స్టేజి జాకెట్టు ఇవ్వండి, మేమూ నడుపుతాం అన్నాను. వెనక అంకె ఉన్న ఆ జాకెట్టు ఒంటి మీద లేకపోతే కిరాయికి నడపనివ్వరు. చైర్మన్ వొజెంబా, మనిషి నూటపది కిలోలు ఉంటాడు, ప్రతిసారీ పొట్ట ఊపుతూ ఒకటే మాట అనేవాడు.

"సున్తీనాడు ఊరందరి ముందు కత్తికి కదలకుండా నిలబడ్డవాడే ఈ కొండ ఎక్కగలడమ్మా. మీరెప్పుడు నిలబడ్డారు?"

"మీరు నిలబడింది రెండు నిమిషాలు. ఊరంతా డప్పులు కొట్టింది, కోళ్ళు తెచ్చిచ్చింది. నేను ముగ్గుర్ని కన్నాను, మూడుసార్లూ పగలూ రాత్రీ పడ్డాను. ఒక్కడు డప్పు కొట్టాడా?"

నవ్వేవాళ్ళు. నవ్వీ నవ్వీ, నా నోటికి తట్టుకోలేక పోయిన నెల ఒప్పుకున్నారు. ఒక్క ఆడదానికి ఒక్క జాకెట్టు. దానికీ పరీక్ష. చైర్మన్ని వెనక కూర్చోబెట్టుకుని వనాలే దారిలో మొదటి అంగళ్ళదాకా కాలు కింద పెట్టకుండా ఎక్కాలి. మగాళ్ళకి ఇలాంటి పరీక్ష ఏనాడూ లేదు. సరే, తర్వాత దాని సంగతి చూద్దామని నేనూ ఒప్పుకున్నాను. పరీక్ష శనివారం. ఎవరి పేరు ఇవ్వాలో వంబెడెనే చూసుకోమన్నారు, ఎందుకంటే పోరు పెట్టింది ఆయన పెళ్ళాం. నా పేరే ఇచ్చాడనుకున్నాను. నాకు నడపడం రాదు, నిజమే. నేర్పమని పదకొండేళ్ళుగా అడుగుతున్నాను. "వచ్చే వారం" అంటాడు. ఈ వారం ఎలాగూ నేర్పక తప్పదు కదా అనుకున్నాను.

బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టాను. ముందు గేరు రాడ్డు చూశాను. బోల్టు గట్టిగానే ఉంది, ఫుట్‌రెస్టుకి తగలడం లేదు. క్లచ్ తీగకి ఆడాల్సినంత ఆట ఉంది. ఆయిల్ దించాను. పాత రేడియో స్పీకరునుంచి పీకిన అయస్కాంతం నా దగ్గర ఒకటుంది. దాన్ని ఆయిల్లో తిప్పి తీస్తే ముసలాడి గడ్డంలా ఇనప రజను పట్టుకొచ్చింది. గేరుబాక్సు లోపల ఏదో అరిగిపోతోంది.

కాలితో గేర్లు నొక్కి చూద్దామని సీటెక్కి కూర్చున్నాను. తలెత్తితే అద్దంలో మా వంటపాక తలుపు కనబడింది. తలుపు, పొయ్యి, దాని మీద కుండ, అన్నీ సరిగ్గా అద్దం మధ్యలో.

పాదం రాడ్డు మీదే ఆగిపోయింది.

వంబెడె తాటిచెట్టంత ఉంటాడు. ఆయన తిప్పుకున్న అద్దంలో నేనెప్పుడు చూసినా నా ఎత్తుకి ఆకాశం, పనసచెట్టు కొమ్మలు తప్ప ఏమీ కనబడవు. ఈ అద్దాలు నా ఎత్తు మనిషికి తిప్పి ఉన్నాయి. రెండూ. నేను తిప్పలేదు.

"నంబూయా వాళ్ళ నాన్నా," అని పిలిచాను. నంబూయా మా పెద్దది. "ఈ బండి ఎవరు నడుపుతున్నారు?"

"నేనే. ఇంకెవరు?"

"నువ్వు కుంగిపోయావా అయితే? అద్దాలు ఇంత కిందకి దిగాయేం?"

అటు చూశాడు, ఇటు చూశాడు. కోడిని అదిలించాడు. అక్కడ కోడి లేదు.

"కకాయి... అప్పుడప్పుడు," అన్నాడు. "శనివారానికి దాని పేరే ఇచ్చాను. కోప్పడకు. నీకు నడపడం రాదుగా."

"దానికెలా వచ్చింది?"

ఆ ప్రశ్నకి ఆయన ఛాతీ విరుచుకోవడం నేను కళ్ళారా చూశాను. "నేనే నేర్పాను," అన్నాడు.

నాకు సవతి వచ్చినప్పుడు నేను ఏడవలేదు. మా అమ్మకీ సవతి ఉంది, మా అత్తకీ ఉంది. మా వైపు అది వానలాంటిది, వచ్చినప్పుడు పాకలోకి జరుగుతాం. దానికి ఇల్లు కట్టించాడు, సరే. దాని కాఫీ తోటకి కంచె వేయించాడు, సరే. కానీ వెనక కూర్చుని, దాని రెండు చేతుల మీద తన రెండు చేతులు వేసి, ఇది క్లచ్చు, ఇది బ్రేకు అని చెవిలో చెప్పాడే, అది తలుచుకుంటే నా కడుపులో పెట్రోలు పోసి అగ్గిపుల్ల గీసినట్టయింది. నేను గ్రీజు పూసుకున్నాను. నేను మీటింగుల్లో తిట్లు తిన్నాను. జాకెట్టు దానికి. పైగా ఆ జాకెట్టు కోసం గేరుబాక్సు నేను బాగుచెయ్యాలి!

"చెయ్యను," అన్నాను.

"నువ్వు చెయ్యకపోతే శనివారం ఎవరూ ఎక్కరు. వొజెంబా 'చెప్పానుగా, ఆడాళ్ళ వల్ల కాదు' అంటాడు. మళ్ళీ రెండేళ్ళు అరుచుకో."

నా మాటలు నాకే అప్పజెప్పాడు. మొగుళ్ళు ఇందులో గట్టివాళ్ళు.

ఆ రోజంతా ఇంజను దించడం సరిపోయింది. ఆయన్ని ఒక పక్క పట్టుకోమని, చాప మీద పెట్టాను. హెడ్డు, సిలిండరు, మ్యాగ్నెట్టు, క్లచ్చు వరసగా ఊడదీశాను. క్లచ్ ప్లేట్లు కమురు కంపు కొట్టాయి. నల్లగా మాడి ఉన్నాయి. మా ఆయన ఈ పదకొండేళ్ళలో క్లచ్ మాడ్చింది లేదు. లివరు సగం పట్టుకుని ఎత్తు ఎక్కేవాళ్ళే మాడుస్తారు. అంటే కొత్తగా నేర్చుకునేవాళ్ళు. ఒక్కో ప్లేటు తీసి పక్కన పెడుతుంటే, ఒక్కో ప్లేటులోనూ కకాయి నవ్వు వినబడింది నాకు. ఇక్కడ ఆగింది, ఇక్కడ భయపడింది, ఇక్కడ ఆయన నడుం పట్టుకున్నాడు.

గేర్లుండే ఇంజను గుండుని రెండుగా విడదీసి షాఫ్టులు బయటికి తీశాను. నా పద్ధతి ఒకటుంది. షాఫ్టు మీదినుంచి తీసిన చక్రాన్ని, వాషరుని, లాకు రింగుని తీసిన వరసలోనే సైకిల్ పుల్లకి గుచ్చుతాను. అప్పుడు ఏదీ తారుమారు కాదు. రెండో గేరు చక్రం చేతికి రాగానే జబ్బు తెలిసిపోయింది. చక్రం పక్కకి పొడుచుకొచ్చిన మొట్టెలు నాలుగు ఉంటాయి. పక్క చక్రాన్ని అవే పట్టుకుని తిప్పాలి. ఆ నాలుగింటి అంచులూ సబ్బుబిళ్ళలా గుండ్రంగా అరిగిపోయాయి. పట్టు ఎక్కడుంటుంది? బరువు పడగానే జారిపోతుంది. పక్కకి నెట్టే ఫోర్కు కూడా కాస్త వంగింది. చక్రం జరగకుండా ఆపే లాకు రింగు సాగిపోయి వదులైంది.

ఇది వనాలే రోగం. కొండ దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని మా వాళ్ళంతా ఇంజను ఆపేసి న్యూట్రల్లో దొర్లుతారు. కింద చదును రాగానే కిక్కు కొట్టడానికి బద్ధకం. బండి పరుగులో ఉండగానే రెండో గేరు తొక్కుతారు, ఇంజను దానంతట అదే లేస్తుంది. ఆ ఒక్క తొక్కుడికి లోపల మొట్టెలు మొట్టెలు గుద్దుకుంటాయి. మిగిల్చిన పెట్రోలు గేరుబాక్సు తాగేస్తుందిరా అని వందసార్లు చెప్పాను. ఎవడు వింటాడు?

గురువారం వంబెడె సామాను తెచ్చాడు. రెండో గేరు జత, ఫోర్కు, క్లచ్ ప్లేట్లు, ప్యాకింగులు, కొత్త లాకు రింగు. అంతా చాప మీద పరుచుకుని ఒక్కదాన్నే కూర్చున్నాను. కొత్త చక్రాలు ఎక్కించాను. ఇక లాకు రింగు.

కొత్తది కుడిచేతిలో ఉంది. సాగిపోయిన పాతది పుల్లకి వేలాడుతోంది.

నా చెయ్యి పుల్ల వైపు వెళ్ళింది.

చేతికేమీ తెలియదు అని చెప్పను. తెలిసే చేసింది. పాత రింగు టౌనులో చదును మీద పది రోజులు ఆగుతుంది. వొజెంబాలాంటి బరువు వెనకెక్కి, ఎక్కుడు మొదలైతే రెండో మలుపు దగ్గర వదిలేస్తుంది. ఠక్కుమంటుంది. బండి ఆగుతుంది. కకాయి కాలు కింద పెడుతుంది. నలభైమంది నవ్వుతారు. ఎవరికీ ఏమీ కాదు, పరువు తప్ప. ఆ పరువు దానిది. ఇలా అనుకుంటూనే గుండు మూశాను. కొత్త రింగుని టీపొడి డబ్బాలో వేశాను. సాయంత్రానికి ఇంజను ఎక్కింది. వంబెడె మా వీధిలో రెండుసార్లు తిప్పి, వెన్నలా ఉందే అన్నాడు. ఎన్నో నెలల తర్వాత ఆ రాత్రి పడుకోగానే నిద్ర పట్టింది. సిగ్గుపడాల్సిన నిద్ర.

శుక్రవారం మధ్యాహ్నం కకాయి కొండ దిగి నడిచి వచ్చింది. నెత్తి మీద పొగబెట్టిన వెదురు మొలకల కట్ట. మోకాళ్ళమీద కూర్చుని పలకరించింది. మా ఊళ్ళలో పెద్దభార్యకి చిన్నభార్య ఇచ్చే మర్యాద అది. నేను లెమ్మనలేదు.

"బండి అయిందా అక్కా?"

"అయింది. ఎక్కి ఊరేగు."

"కోపంగా ఉన్నారు."

"లేదే, సంబరంగా ఉన్నాను. మా ఆయన నాకు నేర్పనిది నీకు నేర్పాడటగా. దగ్గరుండి. చెయ్యి పట్టుకుని."

కకాయి ముఖం ఎత్తి చూసింది. తర్వాత పగలబడి నవ్వింది. వెదురు మొలకల కట్ట దొర్లిపోయింది.

"నేర్పానన్నాడా? ఆయనా? అక్కా, ఆయన తెల్లారి కోడి మూడుసార్లు కూసినా లేవడు. మీకు తెలీదా?"

తెలుసు.

"ఆయన గుర్రు పెడుతుంటే తాళం తీసుకునేదాన్ని. ఇంజను ఆన్ చేస్తే లేస్తాడని ఊరికే దొర్లించేదాన్ని. వాగుదాకా దొర్లితే హ్యాండిల్ తిప్పడం వచ్చింది. ఆ కిందినుంచి పైకి తోసుకురాలేక ఒకరోజు ఏడ్చాను. ఒకరోజు ఏం తొక్కానో తెలీదు, రెండులో పడి బండి దానంతటదే లేచింది. అలాగే నేర్చుకున్నాను. నెలన్నర. మూడుసార్లు కాఫీ చెట్లలో పడ్డాను." గౌను పైకి లాగి మోకాలు చూపించింది. మచ్చ ఇంకా ఎర్రగా ఉంది. "ఆయనకి తెలిసేసరికి చైర్మనుకి తెలిసిపోయింది. తను నేర్పలేదంటే పరువు పోతుందని నేర్పానన్నాడు. నేనూ ఊరుకున్నాను."

"నన్ను అడగాలని తోచలేదా?"

"మిమ్మల్ని అడిగితే ఇస్తారా?"

ఇవ్వను. ఆ పిల్ల అబద్ధమాడలేదు.

మీరు అనుకుంటారు, మొగుడు నేర్పలేదని తెలిసింది కాబట్టి నా మంట చల్లారిందని. చల్లారలేదు. రెట్టింపయింది. ఆయన నేర్పి ఉంటే నా దగ్గర దొంగిలించి దానికిచ్చాడని తిట్టుకునేదాన్ని. ఇప్పుడు ఎవర్ని తిట్టను? నేను పదకొండేళ్ళు అడిగాను. అది నెలన్నరలో తీసుకుంది. నలభైమంది మగాళ్ళ ముందు అరిచినదాన్ని, నా పెరట్లో నిలబడ్డ బండి తాళం మాత్రం చెయ్యి చాపి తీసుకోలేదు. చేతులనిండా ఆ బండి గ్రీజే, అయినా తాళం అడిగే తీసుకోవాలనుకున్నాను.

"రేపు ఎక్కేశాక," అంది కకాయి, కట్ట ఎత్తుకుంటూ, "దిగేటప్పుడు వొజెంబాకి చూపిస్తాను. ఇంజను ఆపేసి ఆ ఆరు మలుపులూ దొర్లుకుంటూ వచ్చి, కిందవున్న వంతెన దగ్గర రెండులో తొక్కి లేపుతాను. మగాళ్ళు చేసేదేగా!"

నేను టీపొడి డబ్బా వైపు చూశాను.

ఎక్కుడులో పాత రింగు వదిలితే బండి ఆగుతుంది. వదలకుండా సగం చిట్లి, ఎలాగో ఎక్కుడు దాటేసి, దిగేటప్పుడు అంత వేగంలో రెండు తొక్కితే? రింగు విరిగి ముక్క పళ్ళ మధ్యలో పడుతుంది. వెనక చక్రం పట్టేస్తుంది. వంతెనకి పక్క గోడ లేదు. పరువు ఒక్కటే పోతుందనుకున్నాను కదా, నా లెక్క అంత గొప్పది. ఇంకొకటి కూడా అప్పుడే కనబడింది. అది పడితే వాళ్ళు కకాయి పడింది అనరు. ఆడది పడింది అంటారు. స్టేజి తలుపు నా ముఖం మీదే మూసుకుంటుంది, మూసింది నా చెయ్యే.

"పో," అన్నాను. "ఇంజను ఆపి దొర్లకు. గేరుబాక్సు నాశనమవుతుంది. పో ఇక్కణ్ణించి."

అది మలుపు తిరగ్గానే పానాలు తీసి ఆయిల్ దించడం మొదలుపెట్టాను. వంబెడె అన్నానికొచ్చి చూసి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"పిచ్చా నీకు? వెన్నలా ఉందన్నానుగా! మళ్ళీ ఎందుకు విప్పుతున్నావ్?"

"ఒకటి మర్చిపోయాను."

"నువ్వా? మర్చిపోయావా?"

"ఆ పక్క పట్టుకో. మాట్లాడకు."

హెడ్డు, సిలిండరు, మ్యాగ్నెట్టు, క్లచ్చు. అదే చాప, అదే వరస. గోరు ఒకటి ఊడింది. టీ డబ్బాలోంచి రింగు తీసి, అంటుకున్న పొడి ఊదేసి, షాఫ్టు గాడిలో కూర్చోబెట్టాను. ఠంగుమని బిగుసుకుంది. చీకటి పడేసరికి గుండు మూశాను, మిగతాది శనివారం తెల్లారి లేచి బిగించాను. పాత రింగుని మరుగుదొడ్డి గోతిలో పడేశాను. చెయ్యి కడుక్కున్నా కడుపు మంట అలాగే ఉంది. కకాయి పడాలని ఇంకా ఉంది, నా వల్ల కాకుండా.

పరీక్షకి స్టేజి మొత్తం వచ్చింది. కొందరు దారి పొడవునా మలుపుల్లో నిలబడ్డారు. నేను రెండో మలుపు ఎంచుకున్నాను. అక్కడ దారి గోడలా లేస్తుంది. కకాయి వచ్చింది. పసుపురంగు గౌను, కింద మగాళ్ళ ప్యాంటు. వెనక వొజెంబా, ముందు చక్రం గాల్లోకి లేస్తుందేమో అన్నంత బరువు. మలుపుకి ముందు ఒకటినుంచి రెండుకి మార్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. చూడటానికి ఏమీ లేదు, అంతా వినడమే. ఇంజను గొంతు కిందకి దిగింది, మూలిగింది, పట్టుకుంది. ఠక్కు రాలేదు. చైర్మన్ పొట్ట, ఆ పిల్ల బక్క వీపు, రెండూ నా పక్కనుంచి పైకి వెళ్ళిపోయాయి. నేను చేసిన పని అది. ఆ గొంతులో ఒక్క తప్పు లేదు. అంత బాగా చేసినందుకు నాకు ఏడుపొచ్చింది.

అంగళ్ళ దగ్గరికి నడిచి వెళ్ళేసరికి జాకెట్టు దాని ఒంటి మీద ఉంది. ఆడవాళ్ళు చేతులు నోటిమీద ఆడిస్తూ కేకలు వేస్తున్నారు. వొజెంబా చెమట తుడుచుకుంటూ వంబెడె భుజం చరిచాడు.

"గేరు రాయిలా ఉందయ్యా! ఏ గరాజు?"

వంబెడె నా వైపు చూసి, ఛాతీ విరుచుకోబోయి, ఆగాడు. "దీన్నే అడగండి," అన్నాడు.

"గరాజు నేనే," అన్నాను. "నీ బండి కూడా పోయినేడాది నేనే విప్పాను. దొడ్డిదారిన వచ్చావు, గుర్తులేదా? ఇకనుంచి ముందు తలుపున రా."

నలభైమందీ నవ్వారు. ఈసారి నన్ను చూసి కాదు. నేను దాంతో తృప్తిపడి ఇంటికి పోయి ఉండొచ్చు. కానీ కకాయి జాకెట్టు నా కళ్ళకి పొడుచుకుంటోంది. మెరిసే పట్టీలు, వెనక అంకె. రెండేళ్ళ నా అరుపుల్ని అది తొడుక్కుని నిలబడింది.

బండి దగ్గరకి వెళ్ళాను. తాళం బండికే ఉంది. ఎవర్నీ ఏమీ అడగలేదు. కాలు అటు వేసి కూర్చున్నాను. అద్దాలు తిప్పాల్సిన పని లేకపోయింది.

"నగూడీ!" అరిచాడు వంబెడె. "దిగు! దిగుడు దారి అది!"

"కకాయీ," అన్నాను, "వెనకెక్కు. నేను లోయలోకి పోతుంటే తప్ప నోరు విప్పకు."

అది ఎక్కింది. కిక్కు కొట్టాను, ఇంజను లేచింది. గేరు వేసి క్లచ్ వదలగానే మొదటిసారి ఆగిపోయింది. రెండోసారి ఆగిపోయింది. ఎవడో ఈల వేశాడు. మూడోసారి బండి కప్పలా ఎగిరి ముందుకి దూకింది.

"అక్కా, క్లచ్ మెల్లగా..."

"నోర్ముయ్యి."

"బ్రేకు, అక్కా, బ్రేకు..."

"తెలుసు! ఆ బ్రేకు బిగించింది నేనే!"

మొదటి మలుపులో ఇంజను ఆపకుండా, గేరులోనే దిగాను.